సవరనా, అష్రఫీనా, వరహానా? పాత బంగారు నాణేల్లో అరుదైన రకాలు వెతికేవారికి

మా పెద్దమ్మ కాసులపేరులో ఇరవై ఒక్క కాసులుండేవి. వాటిలో ఆరు లక్ష్మీ బిళ్లలు. ఎప్పుడో అవసరానికి అమ్ముకున్న కాసుల స్థానంలో కంసాలి కొట్టి ఇచ్చినవి. మిగతా పదిహేనూ అసలైన సవరన్లు, ప్రతిదాని నెత్తినా ఒక కొక్కెం అతికించి ఉంది. ఆమె లెక్కలో అవన్నీ ‘రాజు కాసులు’, ‘రాణి కాసులు’, అంతే. ఒక మధ్యాహ్నం భూతద్దం పెట్టుకుని ఒక్కొక్కటే చూస్తుంటే, 1918 నాటి రాజు కాసు మీద, తేదీకి సరిగ్గా పైన, గుర్రం కాళ్ల కింద నేలగా గీసిన గట్టు మీద, ఇంగ్లీషు ఐ అక్షరం కనిపించింది. ఆవగింజంత కూడా లేదు. ఆ నాణెం లండన్‌లో కాదు, బొంబాయిలో పుట్టిందని దాని అర్థం. బొంబాయి టంకశాల సవరన్లు ముద్రించింది ఆ ఒక్క సంవత్సరపు తేదీతోనే.

అది కోట్లు పలికే నాణెమేమీ కాదు. దాదాపు 13 లక్షలు ముద్రించారు. పైగా కొక్కెం అతికించడంతో సేకరణ విలువ చాలావరకు పోయింది. అయినా ‘నాణెం’ వేరు, ‘రకం’ వేరు అని నాకు తెలిసింది ఆ రోజే. బొమ్మ, తూకం, బంగారం అన్నీ ఒకటే అయినా ఒక అక్షరమో, ఒక చుక్కో, అచ్చులో ఒక మార్పో దాన్ని పక్క నాణెం నుంచి విడదీస్తుంది. ఆ తేడాను పట్టుకోవడమే ఈ సేకరణలో అసలు పని.

కొంత డబ్బు పక్కన పెట్టుకుని, ఏ నాణేలతో మొదలుపెట్టాలో తేల్చుకోలేనివారి కోసం ఇది రాస్తున్నాను. మన దగ్గర సాధారణంగా ఎదురయ్యే దారులు ఐదు: బ్రిటిష్ సవరన్లు, హైదరాబాదు నిజాముల అష్రఫీలు, విజయనగర వరహాలు (వాటి వారసులైన ఈస్టిండియా కుంపెనీ పగోడాలతో కలిపి), విక్టోరియా రాణి బొమ్మ ఉన్న మొహరీలు, చిన్న పణాలు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎక్కువ అరుదైన నాణేలున్న దారి ఎంచుకోవద్దు. అరుదైనదో కాదో మీ కంటితో, మీ తక్కెడతో మీరే తేల్చుకోగల దారి ఎంచుకోండి. అమ్మేవాడు చెబితే తప్ప తెలియని అరుదు, మళ్లీ మీరు అమ్మబోయినప్పుడు కొనేవాడికి కనిపించదు.

ముందు చూసుకోవాల్సినవి

తేడా ఎక్కడుంది? నాణెం మీద రాసి ఉందా, లేక బొమ్మ తీరును బట్టి ఊహించాలా? రాసి ఉన్నదాన్ని నేర్చుకోవడానికి నెల చాలు. ఊహించాల్సినదానికి ఏళ్లు పడుతుంది.

తూకానికి ప్రమాణం ఉందా? యంత్రంతో కొట్టిన నాణెం గ్రాములో వందో వంతు వరకు చెప్పిన తూకమే తూగాలి, అరుగుదలకు కొంచెం తగ్గొచ్చు. చేత్తో కొట్టిన నాణేనికి ఆ కట్టుబాటు లేదు, కొంత అటూఇటూ ఉంటుంది. మోసగాడు దూరేది ఆ సందులోనే.

నకిలీ ఏ తీరుది? ఇది చాలామంది పట్టించుకోని సంగతి. ఇత్తడికి పూత పూసిన నకిలీని పిల్లవాడైనా పట్టేస్తాడు. అసలైన బంగారంతో, సరైన తూకంతో చేసిన నకిలీతోనే చిక్కు. దాన్ని గీటురాయి, నీటి తూకం (నీళ్లలో ముంచి సాంద్రత చూడటం), ఎక్స్‌రే యంత్రం మూడూ ‘మంచి బంగారమే’ అని నిర్ధారిస్తాయి. నిజమే, బంగారం మంచిదే. నాణెమే అబద్ధం.

ధర పడితే ఎంతవరకు పడుతుంది? సవరను ఎంత మామూలుదైనా కిందికి పడితే బంగారం ధర దగ్గర ఆగుతుంది. పణం విలువలో బంగారం వాటా చాలా తక్కువ, దానికి అలాంటి అడుగు లేదు.

చివరగా చట్టం. దాని గురించి కింద విడిగా చెబుతాను.

బ్రిటిష్ సవరన్లు: తొలి మెట్టుకు ఇంతకు మించినది లేదు

మన ఇళ్లలో కాసు అంటే ఎనిమిది గ్రాములన్న లెక్కకు మూలం ఈ నాణెమే. ప్రమాణం 7.988 గ్రాములు, వ్యాసం 22.05 మిల్లీమీటర్లు, 22 క్యారెట్లు. గుర్రం మీద సెయింట్ జార్జ్ డ్రాగన్‌ను చంపుతున్న బొమ్మను పిస్ట్రూచి చెక్కాడు, 1817 నుంచి వాడుకలో ఉంది. విక్టోరియా కాలంలో దానితోపాటు డాలు బొమ్మ నాణేలూ వచ్చాయి.

రకాలు తేల్చడానికి మొదటి ఆధారం టంకశాల అక్షరం. సిడ్నీకి ఎస్, మెల్‌బోర్న్‌కు ఎం, పెర్త్‌కు పి, ఒట్టావాకు సి, ప్రిటోరియాకు ఎస్‌ఏ, బొంబాయికి ఐ. లండన్‌కు అక్షరం లేదు. తమాషా ఏమిటంటే ఆ అక్షరం ఒకే చోట ఉండదు. డాలు నాణేల మీద ఆకుల దండ కింద, 1871 నుంచి 1887 వరకు వచ్చిన సెయింట్ జార్జ్ నాణేల మీద రాణి మెడ కింద, ఆ తర్వాతి వాటి మీద తేదీకి పైన ఉంటుంది. కొత్తవాళ్లు ఒకే చోట వెతికి ‘అక్షరం లేదు, లండన్‌దే’ అని తేల్చేస్తుంటారు.

1863 నుంచి 1874 వరకు లండన్ డాలు నాణేల మీద దండ కింద అచ్చు సంఖ్య వేసేవారు. ఈ సంఖ్యల్ని వరుసగా పోగుచేసేవాళ్లు ఉన్నారు. 1863 నాటి కొన్ని నాణేల మీద 827 అన్న సంఖ్య రాణి మెడ కోత మీదే ఉంటుంది. అది దొరికితే దాచుకోండి, ఆపైన నాకు చెప్పండి. సంవత్సరాల విషయానికొస్తే 1819 నాణేలు 3,574 మాత్రమే. ఒట్టావాలో 1908లో కొట్టినవి 636. 1841 లండన్ నాణెం కూడా ఎప్పుడూ గిరాకీ ఉన్నదే.

ఇక గొయ్యి ఎక్కడుందో చెబుతాను: 1917, అక్షరం లేనిది. ఆ ఏడాది లండన్‌లో పది లక్షలకు పైగానే ముద్రించినా, యుద్ధ కాలపు చెల్లింపులకు పోయి కరిగిపోవడంతో నేడు నిజమైనవి చాలా తక్కువ. ఈ సంగతి నకిలీలు చేసేవాళ్లకూ తెలుసు. 20వ శతాబ్దం మధ్యలో లెబనాన్, ఇటలీలలో సరైన తూకంతో, సరైన బంగారంతో సవరన్లు కొట్టినవాళ్లు ఉన్నారు. 1917 తేదీతో, అక్షరం లేకుండా ఎవరైనా చూపిస్తే నా మొదటి మాట ‘వద్దు’. అదే తేదీతో ఎస్, ఎం, పి ఉన్నవి మామూలుగానే దొరుకుతాయి. ఆ అక్షరాన్ని అరగదీసి లండన్ నాణెంగా అమ్మే ప్రయత్నమూ జరగొచ్చు. అందుకే తేదీ పైన గట్టు నున్నగా, చుట్టూ ఉన్నదానికన్నా కొంచెం పల్లంగా కనిపిస్తే నాణెం వెనక్కి ఇచ్చేయండి.

1925 తేదీ ఉన్నవి చూసి ‘నిగనిగలాడుతోంది, వాడని నాణెం’ అని మురిసిపోవద్దు. 1949 నుంచి 1952 మధ్య అదే తేదీతో మళ్లీ ముద్రించారు. అవి నకిలీలు కావు, టంకశాలవే. అరుదైనవీ కావు.

బొంబాయి 1918 సవరనుకు తోబుట్టువు ఒకటుంది. అదే టంకశాలలో అదే ఏడాది, అదే తూకంతో కొట్టిన పదిహేను రూపాయల బంగారు నాణెం. సవరను సేకరించేవాళ్లు దీన్ని చూడరు, రూపాయలు సేకరించేవాళ్లకు ఇది ఖరీదెక్కువ. ఇద్దరి మధ్యా నలిగిన నాణెం. నాకైతే ఇదే ఎక్కువ ఇష్టం.

హైదరాబాదు అష్రఫీ: తేడా ద్వారంలో ఉంది

చార్మినార్ బొమ్మ ఉన్న అష్రఫీని ఒకసారి చేతిలోకి తీసుకుంటే రకాలు వెతకడం ఎంత సరదానో తెలుస్తుంది. చార్మినార్ ద్వారంలో ఒక పారసీ అక్షరం ఉంటుంది. మహబూబ్ అలీ ఖాన్ నాణేల మీద అది మీమ్. 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీ ఖాన్ నాణేల మీద ఐన్. పేరులోని మొదటి అక్షరమే. అక్కడితో ఆగితే అది రాజు మార్పు మాత్రమే. ఉస్మాన్ అలీ తొలి నాణేల మీద ఐన్ పొట్టిగా, తల వరకే ఉంటుంది. తర్వాతి వాటి మీద తోకతో సహా నిండుగా ఉంటుంది. పొట్టి ఐన్ హిజ్రీ 1329, 1330 సంవత్సరాల తొలినాళ్లదే కాబట్టి సేకరణదారులు ముందు చూసేది ఆ ద్వారంలోకే.

తేదీ చదవడానికి పారసీ రానక్కర్లేదు, పది అంకెలు వస్తే చాలు. చుక్క అంటే సున్నా. మన సున్నాలా కనిపించేది ఐదు. వి ఆకారం ఏడు, దాన్ని తిరగేస్తే ఎనిమిది. రెండుకు పైన ఒక కొండి, మూడుకు రెండు. అరిగిన నాణెం మీద రెండునూ మూడునూ కలగలిపి ఒక సంవత్సరం అటూఇటూ చదివేవాళ్లు చాలామంది. హిజ్రీ సంవత్సరంతోపాటు పాలన సంవత్సరం కూడా వేరుగా ఉంటుంది. గద్దెనెక్కింది హిజ్రీ సంవత్సరం నడుమ కాబట్టి ఒకే హిజ్రీ తేదీకి రెండు పాలన సంవత్సరాలు రావచ్చు. ఆ జంటల్లో ఏది తక్కువ దొరుకుతుందో కనిపెట్టడమే ఇక్కడి ఆట. రెండు అంకెలూ ఏ విధంగానూ పొసగకపోతే అచ్చులు తారుమారైన అపురూపం కావొచ్చు, లేదా నకిలీ కావొచ్చు. రెండోదే అనుకుని మొదలుపెట్టడం క్షేమం.

పేరుతోపాటు కనిపించే 92 అంకె సంవత్సరం కాదు. అది అక్షరాలకు విలువలు కట్టే పద్ధతిలో మహమ్మద్ ప్రవక్త పేరుకు వచ్చే సంఖ్య. దాన్ని తేదీ అనుకుని ‘1892 నాణెం’ అని చీటీ రాసిన సంచిని నేను చూశాను.

తూకం 11.178 గ్రాములు, బంగారం వెయ్యికి 910 పాళ్లు. ఇక్కడొక మెలిక ఉంది. హైదరాబాదు వెండి రూపాయి తూకమూ 11.178 గ్రాములే. బొమ్మా అదే చార్మినార్. రూపాయికి బంగారు పూత పూస్తే తక్కెడ ఏమీ చెప్పలేదు. అయితే వెండి తేలిక లోహం కాబట్టి అదే తూకానికి నాణెం బాగా పెద్దదవుతుంది. అందుకే వెర్నియర్‌తో వ్యాసం, మందం కొలవాలి. వెనకవైపు విలువ పారసీలో రాసి ఉంటుంది. ‘రూపియా’, ‘అష్రఫీ’ మాటల ఆకారం గుర్తుపట్టడం నేర్చుకుంటే ఆ బాధ కూడా లేదు.

హైదరాబాదులో ఉండేవారికి ఈ దారిలో అదనపు లాభం ఒకటుంది. 1903లో మొదలైన సైఫాబాద్ టంకశాల భవనంలో ఇప్పుడు మ్యూజియం ఉంది, 2022లో తెరిచారు. యంత్రాలను చూసి వచ్చాక నాణెం అంచు ఎందుకలా ఉంటుందో చెప్పకుండానే అర్థమవుతుంది.

వరహాలు: మనసు లాగుతుంది, చెయ్యి కాలుతుంది

తెలుగువాడికి కృష్ణరాయల వరహా అంటే వేరే చెప్పాలా? ఒకవైపు కూర్చున్న బాలకృష్ణుడు, మరోవైపు నాగరి లిపిలో మూడు వరుసల్లో ‘శ్రీ ప్రతాప కృష్ణ రాయ’. సుమారు 3.4 గ్రాములు. చిటికెన వేలి గోరు కంటే కాస్త పెద్దది. తొలి రాజులైన హరిహర, బుక్కల నాణేల మీద హనుమంతుడు, గరుడుడు కనిపిస్తారు. అచ్యుతరాయల నాణేల మీద ముక్కులతో, గోళ్లతో ఏనుగుల్ని పట్టుకున్న గండభేరుండం. అరవీటి తిరుమలరాయలవి సీతారామలక్ష్మణులతో, వెంకటపతిరాయలవి తోరణం కింద నిలిచిన వేంకటేశ్వరుడితో ఉంటాయి. బొమ్మలు చూస్తే సులువే అనిపిస్తుంది.

ఉమామహేశ్వరుల దగ్గరికొచ్చేసరికి ఆ సులువు ఆగిపోతుంది. దంపతులిద్దరూ కూర్చున్న ఈ బొమ్మ రెండో హరిహరరాయల నాటిది. దేవరాయలు వాడారు. సామ్రాజ్యం పోయాక ఇక్కేరి నాయకులు వాడారు. హైదర్ అలీ కూడా ఆ బొమ్మను తీసేయలేదు, వెనకవైపు తన పేరులోని ‘హే’ అక్షరం వేసుకున్నాడు. ఆ తర్వాత మైసూరు మూడవ కృష్ణరాజ ఒడెయరూ అదే బొమ్మతో కొట్టించాడు. నాలుగు వందల ఏళ్లకు పైగా ఒకే దంపతులు. కాబట్టి బొమ్మను చూసి రాజును చెప్పేవాడిని నమ్మకండి. ముందు నాణెం తిప్పండి. వెనకవైపు అక్షరమే రాజు. ‘సదాశివ’ అని ఉన్నా విజయనగర సదాశివరాయలో, ఇక్కేరి నాయకుడో తేల్చాల్సి ఉంటుంది. అక్కడ అక్షరాల తీరు, ‘రాయ’ మాట ఉందా లేదా అన్నది చూడాలి.

దంపతులు ఎవరన్నది కూడా తేలికగా తీసుకోవద్దు. లక్ష్మీనారాయణులు, ఉమామహేశ్వరులు ఒకే భంగిమలో ఉంటారు. దేవుడి పై చేతుల్లో ఉన్నవి శంఖచక్రాలా, లేక త్రిశూలమూ జింకానా అన్నదే తేడా. ఆ చేతులు నాణెం అంచు దగ్గర ఉంటాయి. చేత్తో కొట్టిన నాణెంలో అచ్చు కాస్త పక్కకు జరిగిందంటే ముందు పోయేది అవే. ఒక చెయ్యి పోయిన నాణేన్ని ‘అరుదైన లక్ష్మీనారాయణ రకం’ అని అమ్మడం చాలా తేలిక.

నా అనుభవం చెబుతాను. తొలి రోజుల్లో ఒక వ్యాపారి దగ్గర బాలకృష్ణ వరహా కొన్నాను. తూకం సరిపోయింది, నీటి తూకంలోనూ బంగారమే. అంచున కుడివైపు చిన్న చీలిక ఉంటే, కొట్టినప్పుడు పగిలిందేలే, అదే పాతదనానికి సాక్ష్యం అనుకున్నాను. ఎనిమిది నెలల తర్వాత వేరే ఊళ్లో, వేరే వ్యక్తి పళ్లెంలో అదే నాణెం కనిపించింది. అదే చోట అదే చీలిక, ‘రాయ’లో ‘య’ అదే మేర తెగిపోయి ఉంది. అచ్చు ఒకటే అయితే బొమ్మ ఒకేలా ఉండొచ్చు. చీలిక ఒకేలా ఉండదు, అది ప్రతి నాణేనికి విడిగా వచ్చే గాయం. అంటే రెండూ ఒకే తల్లి నాణెం నుంచి తీసిన పోతలు. ఇంటికొచ్చి భూతద్దంలో మళ్లీ చూస్తే అప్పుడు తెలిసింది: అక్షరాల అంచులు నిటారుగా తెగినట్టు లేవు, వాడిన సబ్బు మీది అక్షరాల్లా గుండ్రంగా కరిగి ఉన్నాయి. బొమ్మ పల్లాల్లో సూది మొనంత గుంటలు. కొట్టిన నాణెంలో లోహం ఒత్తుకుని పారిన గీతలుండాలి, గుంటలు కాదు.

కుంపెనీ పగోడాలు కొంత నయం. మద్రాసులో కొట్టిన మూడు స్వాముల పగోడా మీద దేవుడు, ఇరువైపులా దేవేరులు. స్టార్ పగోడా మీద ఒక్క విష్ణువు, వెనకవైపు ఇసుక చల్లినట్టున్న గరుకు నేల మీద ఐదు కోణాల నక్షత్రం. దీన్ని గీటురాయి మీద పెట్టి ‘22 క్యారెట్లు రాలేదు, నకిలీ’ అన్న కంసాలులున్నారు. తప్పు వాళ్లది కాదు. స్టార్ పగోడాలో అసలు బంగారమే సుమారు 80 శాతం. 1807 తర్వాత యంత్రం మీద కొట్టిన పగోడాలు వచ్చాయి. గోపురం ఒకవైపు, విష్ణువు మరోవైపు, ఇంగ్లీషు, పారసీలతోపాటు మన తెలుగు అక్షరాలు, తమిళం కూడా. రెండు పగోడాల నాణేల మీద గోపురం పక్కన నక్షత్రాలు లెక్కపెట్టండి, 14 ఉన్నవి, 18 ఉన్నవి వేరు రకాలు. ఇదే వరుసలో అర పగోడా, పావు పగోడా కూడా ఉన్నాయి, కానీ అవి వెండివి. ‘బంగారు అర పగోడా, ఎవరి దగ్గరా లేదు’ అని ఎవరైనా అంటే అది నిజమే, ఎవరి దగ్గరా ఉండదు.

విక్టోరియా మొహరీలు

11.66 గ్రాములు, 22 క్యారెట్లు. 1841 నాటి వాటిలో ‘విక్టోరియా క్వీన్’ అన్న రాత తల మీదుగా విరగకుండా సాగితే ఒక రకం, తలకు ఇరువైపులా రెండు మాటలుగా విడిపోతే మరో రకం. 1862 నుంచి ముఖం మారింది, 1877 నుంచి ‘ఎంప్రెస్’ అయింది. ముఖంలో, నగల్లో, వెనకవైపు పూల అల్లికలో చిన్న తేడాలతో ఉపరకాలున్నాయి. వాటిని పక్కపక్కన పెట్టుకుంటే తప్ప పట్టుకోలేం. అసలు చిక్కు నకిలీలతో కాదు, టంకశాలతోనే. సింహం, తాటిచెట్టు ఉన్న 1835 నాటి విలియం రాజు మొహరీల దగ్గర్నుంచి పాత తేదీలతో టంకశాల తర్వాతెప్పుడో మళ్లీ కొట్టిన నాణేలున్నాయి. మెరుపు మరీ అద్దంలా ఉన్న ‘1835’ను చూసినప్పుడు ఆ అనుమానం రావాలి. డబ్బుంది, ఓపిక లేదు అనుకునేవారు పీసీజీఎస్, ఎన్‌జీసీ అనే నాణేల పరీక్ష సంస్థల డబ్బాల్లో సీలు వేసి వచ్చినవి కొనుక్కోవడం మేలు. ఆ డబ్బా మీది సంఖ్యను ఆ సంస్థ వెబ్‌సైటులో సరిచూసుకోవాలి, అక్కడి ఫొటోతో పోల్చాలి. డబ్బాలకూ నకిలీలున్నాయి.

పణాలు

గ్రాములో మూడో వంతు, కందిపప్పు బద్దంత. కంఠీరవ నరసరాజ ఒడెయర్ పేరుతో వచ్చిన కంఠీరాయి పణం మీద నరసింహస్వామి ఉంటాడని చెబితే నమ్మాలి, చూస్తే గీతలు, చుక్కలు. అదే పేరుతో తర్వాతి కాలంలోనూ కొట్టారు కాబట్టి పేరును బట్టి కాలం చెప్పలేం. చవక, కంటికి మంచి సాధన. అరుదైన రకం దొరికిందని మాత్రం ఆశపడకండి. దాన్ని అరుదైనదని ఒప్పుకునే రెండో మనిషి దొరకడమే కష్టం.

గుప్తుల దీనారాలు, తూర్పు చాళుక్యుల పలుచని నాణేలు ఈ పోలికలోకి తేలేదు. శక్తివర్మ ‘చాళుక్య చంద్ర’ బిరుదుతో వేయించిన నాణేలు బర్మా అరకాన్ తీరంలోని ద్వీపంలో దొరికాయంటే మన ఓడలు ఎంత దూరం వెళ్లాయో అనిపించి ఒళ్లు పులకరిస్తుంది. అవి చూడాల్సింది మ్యూజియంలో. సంతలో కనిపిస్తే మొదట రావాల్సింది అనుమానం.

ఒక్క చూపులో

| నాణెం | తూకం (గ్రా.) | రకాన్ని చెప్పే గుర్తు | పెద్ద ప్రమాదం | ఎవరికి |
|---|---|---|---|---|
| సవరను | 7.988 | టంకశాల అక్షరం, అచ్చు సంఖ్య, తేదీ | అసలు బంగారంతో చేసిన నకిలీ | మొదలుపెట్టేవారికి, డబ్బు ఇరుక్కోకూడదనుకునేవారికి |
| అష్రఫీ | 11.178 | ద్వారంలోని అక్షరం, రెండు తేదీలు | పూత పూసిన రూపాయి | అంకెలు నేర్చుకునే ఓపిక ఉన్నవారికి |
| వరహా | సుమారు 3.4 | వెనకవైపు రాత, చేతుల్లోని ఆయుధాలు | పోత నాణెం, తప్పు పేరు | చరిత్ర కోసం కొనేవారికి |
| యంత్రపు పగోడా | వరహాకు దగ్గర, జంటది రెట్టింపు | నక్షత్రాల లెక్క | పూత పూసిన వెండి | తెలుగు అక్షరం మీద మమకారం ఉన్నవారికి |
| మొహరీ | 11.66 | రాత విరుపు, ముఖం | పాత తేదీతో కొత్త ముద్రణ | ఒకటి రెండు మంచివి చాలనుకునేవారికి |
| పణం | సుమారు 0.35 | చుక్కలు, గీతలు | విలువ ఒప్పుకునేవారు లేకపోవడం | కంటి సాధనకు |

పట్టికలో ఇమడనిది ఒకటుంది. సవరన్లలో మీరు తప్పు చేసినా పోయేది అదనంగా ఇచ్చిన సొమ్మే, బంగారం మిగులుతుంది. వరహాలో తప్పు చేస్తే ఇచ్చినదాంట్లో చాలా భాగం పోతుంది, ఎందుకంటే అక్కడ ధరలో ఎక్కువ వాటా చరిత్రదే. ఉద్యోగం చేసుకుంటూ ఏడాదికి ఒక నాణెం కొనగలిగేవారికి నా సలహా: మూడేళ్లు సవరన్లు, ఆ తర్వాత మీ మొగ్గును బట్టి అష్రఫీ. వరహా కొనాలనే ఉంటే ముందు యంత్రపు పగోడాతో మొదలుపెట్టి, చేతి నాణేల్ని మ్యూజియంలో చూస్తూ ఉండండి. చెన్నై ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియం, హైదరాబాదు రాష్ట్ర పురావస్తు మ్యూజియం రెండింటికీ పెద్ద నాణేల సేకరణలున్నాయి. నిజమైన నాణేన్ని వందసార్లు చూసిన కన్నే నకిలీని ఒక్కసారి చూడగానే ఆగుతుంది.

చేతిలో ఉండాల్సినవి, చెయ్యకూడనివి

పదింతలు పెద్దగా చూపే భూతద్దం, గ్రాములో వందో వంతు చూపే తూకం, వెర్నియర్. ఇంతే. నీటి తూకం ఇంట్లోనే వేయొచ్చు. గ్లాసు నీళ్లను తూకం మీద పెట్టి సున్నా చేసి, సన్నటి దారంతో నాణేన్ని అడుగుకు తగలకుండా నీళ్లలో వేలాడదీయాలి. అప్పుడు చూపిన అంకెతో నాణెం తూకాన్ని భాగిస్తే సాంద్రత వస్తుంది. సవరనుకు నీళ్లలో 0.45 గ్రాముల దగ్గర చూపాలి, అంటే సాంద్రత 17.6 చుట్టుపక్కల. స్టార్ పగోడాకు 16 దగ్గర వస్తుంది, కంగారు పడొద్దు. పణానికి ఈ పద్ధతి పనికిరాదు, అంత చిన్న తేడాను ఇంటి తూకం పట్టలేదు.

గీటురాయి మీద గీయించకండి. ఒక్క గీతతో సేకరణదారుడి నాణెం కంసాలి బంగారమైపోతుంది. చింతపండు, కుంకుడు రసం, బట్టతో తుడవడం, ఏవీ వద్దు. మెరుపు వస్తుంది, ధర పోతుంది.

చట్టం సంగతి

1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు నిండిన నాణెం పురావస్తువు. దాన్ని మామూలు మనిషి దేశం దాటించడం నిషిద్ధం. దాంతో వ్యాపారం చేసేవారికి లైసెన్సు ఉండాలి, కొనేటప్పుడు అడగండి, బిల్లు తీసుకోండి. ఈ వందేళ్ల గీత ఏటా ఒక సంవత్సరం ముందుకు జరుగుతుందని మరిచిపోవద్దు. నిన్న మామూలు నాణెమైనది నేడు పురావస్తువు కావొచ్చు. పొలం దున్నుతుంటేనో, పునాది తవ్వుతుంటేనో దొరికినదైతే 1878 నాటి నిక్షేపాల చట్టం కింద కలెక్టరుకు తెలపాలి. ‘పొలంలో దొరికింది, ఎవరికీ చెప్పలేదు’ అని అమ్మేవాడి మాట అబద్ధమైతే నాణెం నకిలీ, నిజమైతే అమ్మకం నేరం.

అమెరికా, లండన్‌లలో ఉండేవారు సవరన్లు అక్కడే కొనుక్కోవడం తేలిక, రకాలూ ఎక్కువ దొరుకుతాయి. ఇంటికొచ్చినప్పుడు నానమ్మ ఇచ్చిన 1880 నాటి రాణి కాసును పర్సులో వేసుకుని విమానం ఎక్కడం మాత్రం తగదు. మన దృష్టిలో అది ఆస్తి పంపకం, చట్టం దృష్టిలో ఎగుమతి.

ఇంట్లో ఇప్పటికే కాసులపేరు ఉన్నవారు కొక్కేలు తీయించకండి. తీయిస్తే టాంకా పెట్టిన చోట మచ్చ మిగులుతుంది, నాణెం బాగుపడదు, నగ మాత్రం చెడుతుంది. భూతద్దం కింద రెండు వైపులా ఫొటోలు తీసి, తేదీ, అక్షరం, సంఖ్య ఒక పుస్తకంలో రాసుకోండి. మా పెద్దమ్మ కాసులపేరు ఇప్పుడు మా అక్క దగ్గరుంది. పదిహేను సవరన్లకూ పదిహేను వరుసలు రాసి ఇచ్చాను. తొమ్మిదో వరుస దగ్గర ఆమె ఎర్ర సిరాతో ‘బొంబాయి’ అని రాసుకుంది.